రెండోసారి అడగని మాట

డాక్టరుగారు పేరు అడగరు. గదిలోకి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చునేలోపే, "ఏం, మళ్ళీ ఆ కుడి మోకాలేనా?" అంటారు. పడుచువాడొస్తే, "మీ నాన్నదీ ఇదే దగ్గు. ఆయన వీధి చివర దగ్గితే నేనిక్కడ మందు తీసి పెట్టేవాణ్ణి" అంటారు. ఆ మాటతోనే సగం జబ్బు నయమైపోతుందని జనం చెప్పుకుంటారు. మిగతా సగానికి ఆయన మందు రాస్తారు. కార్డులూ పుస్తకాలూ ఆయనకి గిట్టవు. గోడవారన ఇనుప బీరువాలో రోగుల కార్డులు వెయ్యికి పైనే ఉన్నాయిగాని, వాటిని తీసి చూసి పదేళ్ళు దాటింది. "కార్డు వెతికేలోపు జ్వరం దానంతటదే తగ్గిపోతుంది" అని ఒకనాడు ఆయనే జోకు వేశారు. నర్సు నవ్వి బీరువా మూసేసింది. ఇంతమందిని కడుపులో పెట్టుకుని గుర్తుంచుకునే డాక్టరు ఉండగా కార్డులెందుకని ఊరంతా అనుకుంది. డాక్టరుగారు కూడా అలాగే అనుకున్నారు. అదీ వచ్చిన చిక్కు.

ఆ సోమవారం తెల్లవారుజామునే ఒక ఇంటినుంచి పిలుపొస్తే వెళ్ళి, అప్పటికే ప్రాణం పోవడంతో చేసేదేమీ లేక, ఆ ఇంటివాళ్ళతో కాసేపు కూర్చుని వచ్చారు. ఇంటికి రాగానే స్నానం చేసి, ఒక కప్పు టీ తాగి, ముందుగదిలో కూర్చున్నారు. ఇల్లు వెనక, ఆస్పత్రి ముందు. మధ్యలో ఒక తలుపు. అరవై ఏడేళ్ళ మనిషికి ఆ తలుపు దాటడమే ఈ మధ్య ఒక ప్రయాణంలా ఉంటోంది. బయట బల్లల మీద అప్పటికే ముప్ఫై మంది ఉన్నారు. పదకొండున్నర అయ్యేసరికి ఆయన కళ్ళకింద బరువు దిగింది. స్టెతస్కోపు మెడలో ఉందన్న సంగతి మరిచిపోయి బల్లమీద రెండుసార్లు వెతుక్కున్నారు.

అప్పుడొచ్చింది టైలరు భార్య. భర్తది ఎదురు వరసలో కుట్టుమిషను దుకాణం, ఆమెకి ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళ కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. గొంతు పట్టేసి మాట సరిగ్గా రావడం లేదు. డాక్టరుగారు నాలుక నొక్కి టార్చి వేసి చూశారు. గొంతులో రెండువైపులా తెల్లటి పొర. ఒళ్ళు కాలిపోతోంది.

"మాత్రలతో అయ్యేది కాదు. పెన్సిలిన్ సూది వేయించుకో, మూడోనాటికి లేచి తిరుగుతావు."

"డాక్టరుగారూ, చిన్నప్పుడు నాకా సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినట్టు..."

"అది మీ అక్కకమ్మా" అన్నారాయన, అప్పటికే తలుపు వైపు చూస్తూ. "నువ్వు నెలనెలా వేయించుకున్నదానివి. నాకు తెలీదూ?"

ఆమె నోరు మూసుకుంది. తన ఒంటి సంగతి తనకన్నా డాక్టరుగారికే బాగా తెలుసునన్న నమ్మకం ఆ ఊళ్ళో ఆమె ఒక్కతెకే కాదు.

పక్కగదిలో నర్సు సూది సిద్ధం చేసింది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. చిన్నా పెద్దా అందరూ 'సూదమ్మ' అనే పిలుస్తారు. పొడిచినట్టే తెలియదని ఆమెకి పేరు. మందు కలిపి, చిన్న సీసా వెలుతురుకి పట్టి చూసి, తెర పక్కకి తీసి తల లోపలికి పెట్టింది.

"టెస్ట్ డోసు వేసి చూడనా సార్, పడుతుందో లేదో?"

"అక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ అలవాటున్న ఒళ్ళే."

తెర పడింది. డాక్టరుగారు తరవాతి మనిషి రక్తపోటు చూస్తున్నారు. పట్టీలోని గాలి సగం దిగేసరికి, పక్కగదిలో స్టూలు పడిన చప్పుడైంది. ఆయన వెళ్ళేసరికి టైలరు భార్య నేలమీద ఉంది. పెదవులు ఉబ్బి, మెడంతా ఎర్రగా కందిపోయి, గొంతులోంచి ఈలలాంటి శబ్దం వస్తోంది. సూదమ్మ ఆమె కాళ్ళు స్టూలు మీదకెత్తి పెట్టింది. తన చేతిలో ఇంకో సిరంజి అప్పటికే నిండి ఉంది.

"అడ్రినలిన్, అర సీసీ" అంది. డాక్టరుగారు చెప్పకముందే అంది.

"వెయ్యి, వెయ్యి."

తొడలో వేసింది. ఆక్సిజన్ మాస్కు పెట్టింది. సెలైన్ ఎక్కించడానికి డాక్టరుగారికి నరం దొరక్కపోతే, సూదమ్మ ఆ పిల్ల మోచేతి దగ్గర నొక్కి పట్టుకుని నరం చూపించింది. పది నిమిషాలకి ఈల తగ్గింది. ఇంకో పది నిమిషాలకి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. పక్క ఊరి పెద్దాసుపత్రికి అంబులెన్సులో డాక్టరుగారు కూడా వెళ్ళారు. అక్కడి కుర్రడాక్టరు చూసి, "సరైన టైముకి అడ్రినలిన్ పడింది సార్, లేకపోతే దక్కేది కాదు" అన్నాడు. డాక్టరుగారు తల ఊపారు. సాయంత్రందాకా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. మెచ్చుకోవాల్సింది తనని కాదని ఆ కుర్రాడికి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఓపిక లేకపోయింది.

మంగళవారం పొద్దున్నే టైలరు వచ్చాడు. వెంట వాళ్ళమ్మ, ఇంకో నలుగురైదుగురు. బల్లల మీద కూర్చున్న రోగులు కూడా లేచి నిలబడ్డారు.

"మీతో మాకేం పేచీ లేదు డాక్టరుగారూ" అన్నాడు టైలరు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "మీరు రాత్రీ పగలూ చూడకుండా మాకు చేసే మనిషి. మీ చేత్తో వేసుంటే ఇది జరిగేదా? చూసుకోకుండా పొడిచేసింది. ఏ మందు కలిపిందో, ఎంత కలిపిందో!"

"వయసు మీద పడింది, కళ్ళు ఆనడం లేదేమో" అందొకావిడ, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

సూదమ్మ పక్కగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో దూది కట్ట. ఆమె ఎవరి వైపూ చూడలేదు, డాక్టరుగారి వైపు చూసింది. ఆయన ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికి ఆయన రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు, బయట నలభై మంది ఉన్నారు, చెప్పడం మొదలుపెడితే ఎక్కడ తేలుతుందో తెలియదు.

"సరే, సరే. నేను చూసుకుంటాను. మీరు వెళ్ళండి. ముందు ఆ పిల్ల కోలుకోనీ" అన్నారు.

వాళ్ళు దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారు. నేను చూసుకుంటాను అన్న మాటని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. డాక్టరుగారు పక్కగదిలోకి వెళ్ళి, గొంతు తగ్గించి, "రెండు రోజులు ఇంటిపట్టున ఉండమ్మా. వేడి చల్లారాక వద్దువుగాని" అన్నారు. ఆమె మేలు కోరే చెప్పాననుకున్నారు.

సూదమ్మ దూది డబ్బాలో పెట్టింది. మూత పెట్టింది. బల్ల తుడిచింది. "ఆ మూడో బల్ల మీదాయనకి కట్టు మార్చాలి సార్" అని చెప్పి, చెప్పులు వేసుకుని ముందు తలుపులోంచే వెళ్ళింది. బల్లల మీదివాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఆమె చేత సూది పొడిపించుకోనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారో లేదో.

బుధవారం డాక్టరుగారు ఒక్కరే నడిపారు. నడిపారనడం మర్యాద కోసం. కట్లు మార్చడం, సూదులు వేయడం, సిరంజిలు లెక్క చూసుకోవడం, ఏడ్చే పిల్లల్ని బుజ్జగించడం, వరసలో ఎవరు ముందో తగువు తీర్చడం ఇవన్నీ ఒక మనిషి చేసే పనులని ఆయనకి అప్పుడే తెలిసింది. ఒక ముసలాయనకి సూది వేస్తే "అబ్బా" అని కేకేశాడు. పదిన్నరకి ధనుర్వాతం సూది మందు ఎక్కడుందో దొరక్క, బీరువాలో ఉందేమోనని తాళం తీశారు.

మందు లేదు. కార్డులున్నాయి, వీధుల వారీగా కట్టలు కట్టి, సూదమ్మ దస్తూరీలో కట్ట మీద వీధి పేరు. ఆయన చెయ్యి టైలరు భార్య పుట్టింటి వీధి కట్ట మీదికి వెళ్ళింది. కావాలనే వెళ్ళిందో ఏమో. అక్కాచెల్లెళ్ళ కార్డులు పక్కపక్కనే ఉన్నాయి. అక్కది: నెలనెలా పెన్సిలిన్, గుండె కవాటం కోసం, ఆరేళ్ళపాటు. చెల్లెలిది: పదకొండేళ్ళ వయసు, గొంతునొప్పి, పెన్సిలిన్, అరగంటలో దద్దుర్లు, ఆయాసం. దానికింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, 'ఈ మందు మళ్ళీ ఎప్పుడూ వేయకూడదు' అని ఉంది. రాసింది ఆయనే. సంతకం కూడా ఉంది. అప్పటి దస్తూరీ ఎంత గట్టిగా ఉండేదో!

ఆయన చెల్లెలి కార్డు తీసి జేబులో పెట్టుకున్నారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ తప్పు తెలియక చేసింది కాదు, తెలిసి మరిచిపోయి చేసింది. పైగా ఆ పిల్ల నోరు తెరిచి చెప్తే, నోరు మూయించి మరీ చేసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర భార్యకి కార్డు చూపించారు. ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇది మీకివాళ దొరికింది. కానీ టెస్ట్ డోసు వద్దన్న సంగతి నిన్న కూడా మీకు తెలుసుగా?"

డాక్టరుగారు కార్డు వెనక్కి తీసుకున్నారు.

"తెలిసీ ఆవిణ్ణి ఇంటికి పంపారు."

"గొడవ చల్లారాక..."

"ఎవరికి చల్లారాక? అత్తమీది కోపం దుత్తమీద చూపిస్తారంటారు. ఇక్కడ అత్తమీద అసలు కోపమే లేదు, అంతా దుత్తమీదే." ఆవిడ కంచం ఆయన ముందుకి జరిపారు. "తినండి. తిని వెళ్ళి చెప్పండి."

సాయంత్రం ఐదింటికి బల్లలు నిండాయి. డాక్టరుగారు కార్డు పట్టుకుని బయటికొచ్చి, అందరికీ వినపడేలా చెప్పారు. తప్పు తనదని. సూదమ్మ అడిగిందని, తనే వద్దన్నానని. పిల్ల బతికింది కూడా ఆమె వల్లనేనని. ఇంకోసారి చెప్పారు, మొదటిసారి వెనక బల్లలకి వినపడలేదేమోనని.

తరవాత రిటైర్డు పోస్టుమాస్టరు లేచాడు. రక్తపోటు చూపించుకునే నెపంతో రోజూ వచ్చి పేపరు చదివి వెళ్ళే మనిషి. కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారుటయ్యా! ఇలాంటి మనసు ఎంతమందికి ఉంటుంది? పనిమనిషి చేసిన తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు మహానుభావుడు!"

"కాదండీ, ఇదిగో, నా దస్తూరీయే..."

"ఉంటుంది లెండి డాక్టరుగారూ. మీరు పదిహేనేళ్ళ కిందటే రాసి పెట్టారు. ఆ కార్డు తీసి మీ ముందు పెట్టాల్సింది ఎవరు? నర్సేగా?"

బల్లల మీద తలలన్నీ ఊగాయి. వెనక నుంచి ఎవరో, "మీలాంటి వాళ్ళ మంచితనం చూసుకునే ఈ పనివాళ్ళు ఇలా తయారవుతారు" అన్నారు. ఇంకెవరో తన పిల్లాడికి ఆయన పాదాలు చూపించి దణ్ణం పెట్టించారు. డాక్టరుగారు తేలు కుట్టిన దొంగలా గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఆ సాయంత్రం వచ్చిన ప్రతి మనిషీ ఆయన్ని మామూలు కన్నా ఎక్కువ ప్రేమగా చూశాడు. ఆ ప్రేమకి ఆయనకి ఊపిరాడలేదు. ఊరు నమ్మనంటే నిజం కూడా గుమ్మం బయటే నిలబడాలి కాబోలు.

గురువారం మధ్యాహ్నం ఆస్పత్రి మూసి సూదమ్మ ఇంటికి వెళ్ళారు. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆమెది రంగులద్దే దుకాణం మీద మేడగది. మెట్లు నిటారుగా ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు ఆగారు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ పక్కన కుట్టు పెట్టుకున్న చీర. ఆమె ఒక్కతే ఉంటుంది. ఆయన్ని చూసి కుర్చీ తుడిచి వేసింది, తను మంచం అంచున కూర్చుంది.

"నిన్న అందరిముందూ చెప్పానమ్మా, తప్పు నాదేనని."

"విన్నాను సార్. కూరల బండి దగ్గర చెప్పారు. మీరెంత గొప్పవారో చెప్పారు."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే ఆయనకి తేలికయ్యేది.

"రేపు వచ్చెయ్యి. నువ్వు లేకపోతే చెయ్యి విరిగినట్టుంది."

"వస్తే ఏమవుతుంది సార్? డాక్టరుగారు దయతలచి మళ్ళీ పెట్టుకున్నారంటారు. నా చేత సూది ఎవరు వేయించుకుంటారు? భయపడుతూ చాచిన చేతికి సూది వేస్తే కండ బిగుసుకుపోయి నొప్పెడుతుంది. నొప్పెడితే, చూశారా అంటారు." ఆమె చీర మడత సరిచేసింది. "ఇంకో మాట. నేను మిమ్మల్ని అడిగాను, టెస్ట్ డోసు వేయనా అని."

"అడిగావు. అదే చెప్పాను."

"రెండోసారి అడగలేదు. నాకు మనసులో అనుమానం పీకుతూనే ఉంది. ఆ పిల్ల మొహం చూస్తే ఏదో చెప్పబోయి ఆగినట్టుంది. అయినా అడగలేదు. ఇరవై ఆరేళ్ళలో మిమ్మల్ని ఏదీ రెండోసారి అడిగిన పాపాన పోలేదు. అందుకే అడ్రినలిన్ ముందే తీసి పెట్టుకున్నాను. అడగడానికి నోరు రాలేదు సార్, మందు తీసుకోవడానికి చెయ్యొచ్చింది. చూడండి నా బతుకు!"

ఆ నోరు రాకుండా చేసింది ఎవరో డాక్టరుగారికి తెలుసు. కోప్పడి కాదు, ఏనాడూ గట్టిగా కూడా అనలేదు. నవ్వుతూ, జోకులేస్తూ, అన్నీ నాకు తెలుసంటూ చేశారు. ఆమె టీ ఇచ్చింది. తాగి లేచారు. మెట్లు దిగేటప్పుడు ఆమె వెనకాల నిలబడి, "అంచు పట్టుకోండి సార్, మూడో మెట్టు ఊగుతుంది" అంది.

అక్కణ్ణుంచి నేరుగా టైలరు ఇంటికి వెళ్ళారు. దుకాణం ముందు, ఇల్లు వెనక, తమ ఇల్లులాగే. టైలరు మిషను ఆపి, లేచి, కుర్చీ వేశాడు. భార్య మంచంమీద దిండుకి ఆనుకుని ఉంది. మొహంలో వాపు పోయింది. పక్కన కూతురు గుడ్డ ముక్కలతో ఆడుకుంటోంది. గుమ్మం దగ్గర అత్తగారు.

"నీకు గుర్తుందామ్మా, ఆ రోజు నువ్వు నాతో ఏం చెప్పావో?"

ఆమె అత్తగారి వైపు చూసింది. "గొంతునొప్పని చెప్పాను."

"దద్దుర్లు వస్తాయని చెప్పావు. నేను వినలేదు. ఆ మాట నీ నోటంట నలుగురిలో అనాలి. నేనంటే నమ్మడం లేదు."

"ఎందుకండీ ఇప్పుడవన్నీ తవ్వుకోవడం!" అత్తగారు అందుకుంది. "పిల్ల బతికి బట్టకట్టింది, అదే పదివేలు. నర్సమ్మ పోతే ఇంకో నర్సమ్మ వస్తుంది. మీరు పోతే మాకెవరొస్తారు? మీ మీద మాట పడనిస్తామా? కడుపుకి అన్నమే తింటున్నాం."

అప్పుడు అర్థమైంది డాక్టరుగారికి. వీళ్ళకి తెలియక కాదు. ఈ ఇంటికి మొదట్నుంచీ తెలుసు. తెలిసే, ఎవరు లేకపోతే జరుగుబాటవుతుందో చూసుకుని, తప్పు వాళ్ళ మీద పెట్టారు. ఆయన ముప్ఫై మూడేళ్ళు చేసిన సేవంతా కలిసి ఒక ఆడమనిషి మెడకి చుట్టుకుంది. ఆయనకి ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీదని మండిపడాలి?

లేచి నిలబడి, మంచంమీద ఉన్న టైలరు భార్యకేసి చూస్తూ, మెల్లిగా అన్నారు. "నాకిప్పుడు మరుపు వస్తోందమ్మా. ఇది మొదటిసారి కాకపోవచ్చు, ఆఖరుసారి అసలు కాదు. మళ్ళీ మరిచిపోతాను. ఆ రోజు నా పక్కన ఆవిడ ఉంది కాబట్టి నువ్విలా కూర్చున్నావు. ఇకమీదట ఉండదు. ఆలోచించుకోండి."

టైలరు తల దించుకుని కొలతల టేపు వేలికి చుట్టుకుంటున్నాడు. డాక్టరుగారు రోడ్డు దాటి ఇంటికొచ్చి, చెప్పులతోనే మంచంమీద వాలిపోయారు. భార్య వచ్చి చెప్పులు విప్పారు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి టైలరూ, అతని భార్యా, ఆమె అత్తగారూ వచ్చారు. రాత్రి నుంచీ కూతురికి జ్వరం, గొంతునొప్పి. తల్లిదే అంటుకుంది. టైలరు ఎత్తుకున్నాడు. పిల్ల తండ్రి భుజం మీద తల వాల్చేసింది. పోస్టుమాస్టరు పేపరు మడిచి, "ముందు పసిదాన్ని చూడనివ్వండి" అని దారి ఇప్పించాడు. గది తలుపు తీసే ఉంది, బల్లల మీదికి అంతా కనిపిస్తుంది.

డాక్టరుగారు పిల్ల గొంతు చూశారు. అదే తెల్లటి పొర. "మందు రాస్తాను" అని కలం తీసుకున్నారు.

"ఏ మందు డాక్టరుగారూ?" అంది టైలరు భార్య.

ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. డాక్టరుగారు కలం ఆపారు.

"ఏమిటే ఆ అడగడం?" అంది అత్తగారు.

"అడుగుతానత్తయ్యా. ఆ రోజు అడగక చావబోయాను." ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, కానీ బయటికి వినిపించింది. "నాకు పడదని నేను చెప్పాను. అది మీ అక్కకి అన్నారు. సూదమ్మ అడిగింది, చూసి వెయ్యనా అని. అక్కర్లేదన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. నాకు తెలివొచ్చేసరికి అందరూ ఆవిడే చేసిందంటున్నారు. ఊరుకున్నాను. నాదీ తప్పే." పిల్లని భర్త చేతుల్లోంచి తీసుకుంది. "దీని ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో నాకు తెలీదు. ఆయనకి గుర్తుండదని ఆయనే చెప్పారు. సూదమ్మ వచ్చి చూస్తేగాని దీనికి మందు వద్దు."

అందరూ డాక్టరుగారి వైపు చూశారు, కాదంటారేమోనని. ఆయన కాదనలేదు.

"నిజమే" అన్నారు. మూడో రోజు అదే మాట చెప్తున్నా, ఈసారి ఎవరూ దణ్ణం పెట్టలేదు.

టైలరు చెప్పులు వేసుకుని ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళాడు. రంగులద్దే దుకాణం దాకా నడిస్తే పది నిమిషాలు. వాళ్ళు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఈలోపు డాక్టరుగారు ఎవర్నీ లోపలికి పిలవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒకరిద్దరు మాత్రం నెమ్మదిగా లేచి, బస్సు టైమైందన్నట్టు గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు ఇక పక్క ఊరి పెద్దాసుపత్రికే వెళ్తారని డాక్టరుగారికి తెలిసింది.

సూదమ్మ వచ్చింది. ముందు తలుపులోంచే వచ్చింది. చేతులు కడుక్కుంది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, తల్లిని అడిగింది, ఇంతకు ముందు ఏమేం మందులు వాడారని, ఏది తింటే దద్దుర్లు వచ్చాయని, మీ ఇంట్లో ఎవరెవరికి ఏవి పడవని. కొత్త కార్డు తీసి రాసింది. తరవాత డాక్టరుగారి బల్ల ముందుకొచ్చి, ఆయన రాసిన కాగితం చదివింది.

"దీని తల్లికి పెన్సిలిన్ పడదు సార్. ఇది ఆ జాతి మందేనా?"

"కాదు. వేరే జాతి."

"కాదని మీకు గట్టిగా తెలుసా?"

డాక్టరుగారు షెల్ఫులోంచి మందుల పుస్తకం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, పేజీ వెతికి, వేలు పెట్టి ఆమెకి చూపించారు. ఆమె చదివి, తల ఊపి, కాగితం తల్లి చేతికిచ్చింది.

ఆ తరవాత వరస మామూలుగానే నడిచింది. పోస్టుమాస్టరు వచ్చి కూర్చున్నాడు. ఆయన దబాయింపు ఏమీ లేదివాళ. రక్తపోటు చూసి, మాత్ర మోతాదు కొంచెం పెంచి రాశారు డాక్టరుగారు. పోస్టుమాస్టరు కాగితం అందుకుని, "వస్తానండి" అని లేచాడు. ఎప్పట్లా నమస్కారం పెట్టాడు. తెర దాటాక, గొంతు తగ్గించి, డాక్టరుగారికి వినపడదనుకుని, పక్కగదిలో అన్నాడు.

"అమ్మా, సూదమ్మా, ఇది ఒకసారి చూసి చెబుదూ. సరిగ్గానే ఉందా?"

డాక్టరుగారికి వినపడింది. ముప్ఫై మూడేళ్ళు ఈ మనిషి తన మాట మీద కళ్ళు మూసుకుని మందు మింగాడు. బాధ కలిగింది ఆయనకి, దాచుకోవడం దేనికి, చాలా బాధ కలిగింది. ఆ బాధ వెనకే, మూడు రోజులుగా మెడమీదున్న బరువేదో దిగినట్టు కూడా అనిపించింది. పక్కగదిలో కాగితం మడత విప్పిన చప్పుడైంది. ఆమె చదువుతోంది. తొందరపడటం లేదు.

"సరిగ్గానే ఉంది" అంది సూదమ్మ.

డాక్టరుగారు తరవాతి మనిషిని పిలిచారు. వచ్చి కూర్చున్న ముసలావిడ ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. "పేరు చెప్పమ్మా" అన్నారు, కలం పట్టుకుని.